షిఫ్టు మారింది, సారు మారారు: మా అబ్బాయి మానేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అబ్బాయి డిప్లొమా మెకానికల్ చదివి ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాడు. మొదటి షిఫ్ట్ ఇన్‌ఛార్జి నట్టు బిగించడం దగ్గర్నుంచి ప్రతిదీ గట్టిగా అరిచి చెప్పేవారట. ఇప్పుడు షిఫ్టు మారింది. ఈయన పని ఒప్పజెప్పి ‘నువ్వే చూసుకో’ అని వెళ్లిపోతారట. ‘ఇద్దరికీ మేనేజ్‌మెంట్ రాదు, మానేస్తాను’ అంటున్నాడు. వాడికేం చెప్పమంటారు?

అమ్మా, ఇప్పుడే మానొద్దని చెప్పండి. డిప్లొమా అప్రెంటిస్‌షిప్ ఏడాది ఉంటుంది. అది పూర్తిచేస్తేనే సర్టిఫికెట్ వస్తుంది, రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ కాగితం విలువ తెలుస్తుంది. అలాగని సర్టిఫికెట్ కోసం పళ్ల బిగువున నెట్టుకురమ్మనడం లేదు. మీవాడి ఇబ్బంది నిజమైనదే. కాకపోతే ‘వాళ్లకు చేతకాదు’ అని తేల్చేసుకుంటే ఆ ఇద్దరి దగ్గరా నేర్చుకోవలసింది పోతుంది.

హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీ విడిచి అమెరికా వెళ్లిన కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి పదేళ్ల మగపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. 1939లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లలను చిన్న చిన్న గుంపులు చేసి, మాస్కులు తయారుచేయడంలాంటి పనులిచ్చారు. ఒక గుంపులో పెద్దాయన అన్నీ తనే నిర్ణయించి చెప్పేవాడు. ఇంకో గుంపులో పిల్లలతో మాట్లాడి నిర్ణయించేవాడు. మరో గుంపులో సామాను ఇచ్చి ఊరుకునేవాడు. హుకుం జారీచేసే పెద్దాయన గదిలో ఉన్నంతసేపూ పని బాగానే నడిచింది, ఆయన గుమ్మం దాటగానే చతికిలబడింది. కలిసి నిర్ణయించుకున్న పిల్లలు మాత్రం తమ పెద్దాయన గదిలో లేకపోయినా పని సాగించారు. వాళ్ల మానాన వదిలేసిన చోట పనీ తక్కువే, చిరాకూ ఎక్కువే.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. ఒకే మనిషిని ఒక గుంపు దగ్గర ఒకలా, ఇంకో గుంపు దగ్గర ఇంకోలా ఉండేలా చేశారు. అంటే పని చేయించే తీరు పుట్టుకతో వచ్చే గుణం కాదు, మార్చుకోగలిగినదే. మీవాడి ఇన్‌ఛార్జి కూడా మారగలరు, అడిగేవాళ్లుంటే.

1969లో హెర్సీ, బ్లాంచర్డ్ అనే ఇద్దరు అమెరికా మేనేజ్‌మెంట్ నిపుణులు ఈ విషయాన్ని మరింత పనికొచ్చేలా చెప్పారు. కొత్తవాడికి ఏం చేయాలో, ఎలా చేయాలో విడమరిచి చెప్పాలి. కాస్త చేయి తిరిగాక ఎందుకో వివరించాలి, తర్వాత సలహా అడగాలి, పూర్తిగా పట్టు వచ్చాకే వదిలేయాలి. ఈ లెక్కన మొదటి సారు చేసిన పని సరైనదే, అరుపు ఒక్కటే అనవసరం. రెండో ఆయన చివర చేయాల్సింది ముందే చేస్తున్నారు. దానికీ కారణం ఉండొచ్చు. ఆ షిఫ్టులో ఏళ్ల తరబడి పనిచేసిన ఫిట్టర్లు ఉండి ఉంటారు. వాళ్లకు ప్రతిదీ చెబితే అవమానంగా తోస్తుంది. ఆయన ఆ అలవాటుతోనే మీవాణ్నీ వదిలేస్తున్నారేమో!

మన దేశంలో ఫలితమిచ్చే పద్ధతి ఏదని అడిగితే, పట్నాలో పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జె.బి.పి. సిన్హా 1980లో చెప్పిన మాట నాకు ఇప్పటికీ సరైనదనిపిస్తుంది. మనవాళ్లు పైవాడిలో ఆదరణ వెతుక్కుంటారు. కాబట్టి బాగోగులు కనుక్కుంటూనే పని దగ్గర రాజీపడనివాడు ఇక్కడ నెగ్గుకొస్తాడు. మనిషి కుదురుకున్న కొద్దీ ఆయన పట్టు సడలించి బాధ్యత అప్పగిస్తాడు. రాయగడ, గుణుపురం వైపు మంచి మేస్త్రీల దగ్గర పనిచేసినవాళ్లనెవరిని అడిగినా ఇదే చెబుతారు.

ఇక మీవాడు చేయాల్సింది. షిఫ్టు మొదలయ్యే ముందు ఆ సారు తీరిగ్గా ఉన్న సమయం చూసి ఇలా అడగమనండి: “సార్, ఈ పంపు విప్పడం చూశాను గానీ చేయలేదు. ఈసారి మీరుగానీ సీనియర్ ఫిట్టర్ గానీ పక్కన ఉండండి. వచ్చేసారి నేనే చేసి చూపిస్తాను.” ‘నాకు నేర్పడం లేదు’ అంటే అది ఫిర్యాదు. ఫలానా పనికి ఫలానా సాయం కావాలంటే ఎవరైనా ఇస్తారు. చేసిన పని, వచ్చిన సందేహం ఏ రోజుకారోజు నోటుబుక్కులో రాసుకుని వారానికోసారి ఆయనకు చూపించమనండి. వదిలేసే అధికారుల దగ్గర ఈ పుస్తకం చాలా పనిచేస్తుంది.

ఒక్క విషయంలో మొహమాటం వద్దు. పని మొదలుపెట్టడానికి రాసిచ్చే అనుమతి కాగితం (పర్మిట్) లేకుండా, కరెంటు ఆపకుండా తిరిగే మిషను మీద ఒంటరిగా పని చేయమంటే ‘చేయను సార్’ అనాలి. భద్రత దగ్గర చర్చలు, ఓట్లు ఉండవు. అక్కడ అరిచి ఆపేవాడే మంచి ఇన్‌ఛార్జి. అలాగే కటువుగా మాట్లాడటం వేరు, కులం పేరో ఊరి పేరో ఎత్తి తిట్టడం, చేయి చేసుకోవడం వేరు. రెండోది ఏ మేనేజ్‌మెంట్ పద్ధతీ కాదు. అలాంటిది జరిగితే తేదీతో సహా రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయాలి.

మీవాడికున్న ఒక బలం గురించి కూడా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, బయట హిందీ వచ్చిన కుర్రాడు ఆ ఫ్లోర్ మీద అందరికీ కావలసినవాడు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరలకు చదువు చెప్పాలని ముందు వాళ్ల భాష నేర్చుకున్నారు. కాంట్రాక్టు కూలీల్లో కోంధుల భాష కువి మాట్లాడేవాళ్లుంటే మీవాణ్ని నాలుగు ముక్కలు నేర్చుకోమనండి. ఎవరికి ఏ మాట ఎక్కుతుందో తెలిసినవాడికి రేపు పదిమంది చేత పని చేయించడం తేలికవుతుంది.

మీరు మాత్రం ఇన్‌ఛార్జికి ఫోన్ చేయకండి, వాడి పరువు పోతుంది. నెల రోజులు ఇలా ప్రయత్నించినా మార్పు లేకపోతే, ఏయే పనులు ఇంకా రాలేదో నోటుబుక్కులోంచి ఎత్తి రాసి, షిఫ్టు మార్చమని ట్రైనింగ్ అధికారికి అర్జీ పెట్టుకోమనండి. అందులో ఎవరి మీదా నింద ఉండకూడదు. ఇచ్చే ముందు నాకు పంపిస్తే చదివి చెబుతాను.