ఒప్పందంలో ‘సీసీ’ అంటే ఎవరిచ్చే పత్రం?

ప్రశ్న: హైదరాబాద్ శివారులో నిర్మాణంలో ఉన్న అపార్టుమెంటులో ఫ్లాట్ కొంటున్నాను. అగ్రిమెంట్ రిజిస్టర్ అయింది. అందులో ‘చివరి 10 శాతం సొమ్మును సీసీ తర్వాత 15 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ’ అని ఉంది. సీసీ అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. పని పూర్తయిందని మున్సిపాలిటీ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ అనుకున్నాను. పని పూర్తయిందని తమ ఆర్కిటెక్టు ఇచ్చిన లేఖే సీసీ అంటూ బిల్డర్ సొమ్ము అడుగుతున్నారు. అర్థం తేలని మాట ఉంది కాబట్టి ఒప్పందం చెల్లకుండా పోతుందా? నా ప్రతిలో సీసీ పక్కన పూర్తి పేరు రాసుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: ముందుగా రెండో సందేహం తీరుస్తాను. దయచేసి పెన్ను పెట్టకండి. ఇరుపక్షాలూ సంతకాలు చేశాక ఒకరు మాత్రమే దస్తావేజులో కీలకమైన మాట మార్చినా, చేర్చినా, దాని బలం పోయేది మార్చినవారికే. మీ ఉద్దేశం మంచిదైనా ఎదుటి న్యాయవాదికి ఆయుధం దొరుకుతుంది. ఎలాగూ మీ దస్తావేజు నకలు రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంటుంది. మార్పు కావాలంటే ఇద్దరూ సంతకాలు చేసి అనుబంధ ఒప్పందం రాసుకోవాలి, లేదా సవరణ దస్తావేజు రిజిస్టర్ చేయించుకోవాలి.

ఒప్పందం మొత్తం చెల్లకుండా పోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అర్థం నిశ్చయంగా లేనిది, నిశ్చయం చేసుకునే వీలు కూడా లేనిది అయితేనే ఒప్పందం చెల్లదు. మీ సీసీకి అర్థం తేల్చే దారులు చాలానే ఉన్నాయి.

పొడి అక్షరాల చిక్కు మీ ఒక్కరిదే కాదు. ముంబైలో ఇదే సీసీ, పని మొదలుపెట్టడానికి ఇచ్చే కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్. ఈసీ అని వింటే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అందరికీ, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ గుర్తొస్తుంది. 20,000 చదరపు మీటర్లు దాటే పెద్ద ప్రాజెక్టు కట్టేవారికి మాత్రం అది పర్యావరణ అనుమతి (ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్) కూడా. అందుకే ఇలాంటి మాటకు మనకు తోచిన అర్థం ఇచ్చుకోవడం కాకుండా, ఆ ఒప్పందంలో, ఆ వ్యాపారంలో, ఆ ఊళ్లో దానికి ఏ అర్థం ఉందో చూడాలని చట్టమే చెబుతోంది. పాత సాక్ష్య చట్టం 98వ సెక్షన్‌లో, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 101వ సెక్షన్‌లో సంక్షిప్త పదాల అర్థం చూపడానికి సాక్ష్యం ఇవ్వవచ్చని స్పష్టంగా ఉంది. రాతపూర్వక ఒప్పందాన్ని నోటిమాటతో మార్చకూడదన్న నియమం దీనికి అడ్డు రాదు. మీరు ఒప్పందాన్ని మార్చడం లేదు, అందులోని మాటకు అర్థం చూపుతున్నారు.

మీ పక్షాన ఉన్న అన్నిటికన్నా గట్టి ఆధారం 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం. దాని 2వ సెక్షన్‌లోనే కంప్లీషన్ సర్టిఫికెట్‌కు నిర్వచనం ఉంది. ప్రాజెక్టు ఆమోదిత ప్లాన్ ప్రకారం పూర్తయిందని అధికార సంస్థ ఇచ్చే పత్రమే అది. బిల్డర్ సొంత ఆర్కిటెక్టు లేఖ అందులోకి రాదు. ఓసీ, అంటే భవనంలో నివాసానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, విడిగా నిర్వచించిన మరో పత్రం. పని పూర్తయిందని ఆర్కిటెక్టు ద్వారా ఇచ్చే నోటీసు ఓసీ కోసం పెట్టే దరఖాస్తులో భాగం మాత్రమే. దరఖాస్తు పెట్టినంత మాత్రాన మంజూరైనట్టు కాదు కదా.

ఇక అగ్రిమెంట్ మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదవండి. స్వాధీనం, రిజిస్ట్రేషన్ క్లాజుల్లో సీసీ మళ్లీ వస్తే, అక్కడ ఆర్కిటెక్టు లేఖ అనే అర్థం పొసగుతుందా? బ్రోషర్, పాత డిమాండ్ నోటీసులు, బ్యాంకు రుణ మంజూరు పత్రం, వాట్సాప్ సందేశాలు అన్నీ తీసి పెట్టుకోండి. చివరి వాయిదా ఓసీ చూశాకే విడుదల చేస్తామని బ్యాంకు రాసి ఉంటే, అది మీకు మంచి సాక్ష్యం.

అస్పష్టమైన మాటకు, దాన్ని రాసినవారికి వ్యతిరేకంగా అర్థం చెప్పాలనే సూత్రం కూడా ఉంది. చాలామంది దీన్నే ముందు పట్టుకుంటారు. నేను మాత్రం దాన్ని చివరికి ఉంచుతాను. మిగతా ఆధారాలతో అర్థం తేలనప్పుడే కోర్టులు సాధారణంగా అటు చూస్తాయి. బిల్డర్ ఏకపక్షంగా రాసుకున్న షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవని 2019లో పయనీర్ అర్బన్ అనే బిల్డర్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మీకు అదనపు బలం.

చేయకూడనిది ఇంకొకటి: నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకోవడం. 15 రోజుల గడువులోపే స్పీడ్ పోస్టులో జవాబు పంపండి. ‘సొమ్ము సిద్ధంగా ఉంది, ఒప్పందంలోని సీసీ అంటే అధికార సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ అని నా అవగాహన, దాని నంబరు, తేదీ, నకలు పంపగానే చెల్లిస్తాను’ అని రాయండి. అప్పుడు మీరు ఎగవేతదారు అనిపించుకోరు. వడ్డీ మాట వస్తే గుర్తుంచుకోండి, మీరు ఆలస్యం చేస్తే బిల్డర్ ఏ రేటున వసూలు చేస్తారో, ఆయన ఆలస్యం చేస్తే అదే రేటున మీకు ఇవ్వాలని రెరా చట్టం చెబుతోంది.

మరో సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. భవన నిర్మాణ నియమాలపై 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం బిల్డర్ తన కట్టడంలో 10 శాతాన్ని స్థానిక సంస్థకు హామీగా ఉంచాలి, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. మీ ఫ్లాట్ ఆ భాగంలో ఉందేమో కనుక్కోండి. ఉంటే, ఆర్కిటెక్టు లేఖ చూసి చివరి సొమ్ము ఇచ్చేసిన తర్వాత కూడా మీ పేరు మీద రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు.

బిల్డర్ వినకపోతే రెరా చట్టం 31వ సెక్షన్ కింద, ఆ చట్టాన్ని అమలు చేసే తెలంగాణ రెరా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. ఒత్తిడి తట్టుకోలేక ఈలోగా సొమ్ము కట్టాల్సి వస్తే, ‘నా అభ్యంతరాలకు లోబడి చెల్లిస్తున్నాను’ అని అదే రోజు లేఖ పంపి, రసీదు మీద కూడా ఆ మాట రాయించుకోండి.