డీజిల్ డిజైర్‌లో పీ0401 కోడ్, నల్ల పొగ: ఈజీఆర్ వాల్వ్ మార్చాలా?

ప్రశ్న: 2014 డిజైర్, 1.3 డీజిల్, లక్షా ముప్ఫై వేల కిలోమీటర్లు తిరిగింది. చెక్ ఇంజన్ లైటు ఆరడం లేదు, స్కానర్‌లో పీ0401 వస్తోంది. పికప్ పడిపోయింది, గట్టిగా తొక్కితే వెనకంతా నల్ల పొగ. షెడ్డులో ఈజీఆర్ వాల్వ్ పోయిందంటున్నారు. కొత్తది వేయించుకోండి, లేదంటే రేకు పెట్టి మూసేస్తాం అన్నారు. ఏది మంచిది?

జవాబు:

ఇప్పుడే రెండూ వద్దండి. మీరు చెప్పిన కోడ్‌కీ పొగకీ పొసగడం లేదు. ముందు ఆ సంగతి తేలాలి.

ఈజీఆర్ వాల్వ్ అంటే ఎగ్జాస్ట్ పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి వదిలే తలుపు లాంటిది. పీ0401 అంటే ఆ పొగ రావలసినంత రావడం లేదని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) అనుకుంటోందని అర్థం. వాల్వ్ నిజంగా మూసుకున్న చోటే బిగుసుకుపోతే ఇంజన్‌కి అందేదంతా మంచి గాలే. అప్పుడు పొగ తగ్గాలి, పికప్ పోవడానికి కారణమే లేదు. నల్ల పొగ, పికప్ లేకపోవడం, స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడిచేటప్పుడు) వణకడం, ఇవి వాల్వ్ తెరుచుకుని ఇరుక్కున్నప్పుడు వస్తాయి. దానికి సాధారణంగా పడే కోడ్‌లు పీ0402, పీ0404. మీకు ఒక పక్క ‘తక్కువ’ అనే కోడ్, ఇంకో పక్క ‘ఎక్కువ’ అనే పొగ.

ఈ రెండూ కలిసి రావడానికి కారణం లెక్క జరిగే తీరులో ఉంది. ఇలాంటి ఇంజన్లలో ఈజీఆర్‌లో ఎంత పొగ పోతోందో కొలిచే మీటరేమీ ఉండదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే ఉండే ఎంఏఎఫ్ సెన్సర్ లోపలికి పోయే గాలిని కొలుస్తుంది. వాల్వ్ తెరిస్తే పొగ కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి గాలి ఆ మేరకు తగ్గాలి. తగ్గకపోతే ఈజీఆర్ పనిచేయడం లేదని ఈసీయూ తేల్చేస్తుంది. ఇప్పుడు టర్బోకీ ఇంజన్‌కీ మధ్య గొట్టం చిట్లిందనుకోండి. సెన్సర్ దాటిన గాలి దారిలోనే బయటికి పోతుంది. సెన్సర్ మాత్రం ఎక్కువ గాలి చూపిస్తుంది. దాన్ని నమ్మి ఈసీయూ ఒక పక్క పీ0401 వేస్తుంది, ఇంకో పక్క లేని గాలికి సరిపడా డీజిల్ కొడుతుంది. కోడ్, పొగ రెండూ వచ్చేశాయి, వాల్వ్ మాత్రం శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది.

అందుకని మొదట ఆ టర్బో నుంచి ఇంజన్‌కి గాలి తెచ్చే ఇంటర్‌కూలర్ గొట్టాలు చూడండి. పగులు ఎక్కువగా క్లాంప్ అంచున, కింది వైపున ఉంటుంది. పై నుంచి చూస్తే కనపడదు. గొట్టాన్ని చేత్తో వంచి చూడాలి. నూనె, మసి కలిసిన తడి మరక ఉంటే లీకు అక్కడే. ఒకరిని రేస్ చేయమని చెప్పి వింటే ‘స్స్’మని వినిపిస్తుంది (ఫ్యాన్‌కీ బెల్టుకీ చేతులు దూరంగా). గొట్టాలు బాగుంటే ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత ఎంఏఎఫ్ సెన్సర్. సెన్సర్‌ని ఎంఏఎఫ్ క్లీనర్ స్ప్రేతోనే కడగాలి. కార్బ్ క్లీనర్ కొడితే లోపలి సన్నటి ఫిల్మ్ పాడవుతుంది, వేలితో తాకినా అంతే.

తర్వాత అంకెలు చూడాలి. మామూలు బ్లూటూత్ స్కానర్‌లో ఎంఏఎఫ్ రీడింగ్ కనిపిస్తే చాలు. ఇంజన్ సామర్థ్యం 1248 సీసీ. 850 ఆర్‌పీఎమ్ స్లోలో నిమిషానికి 425 సార్లు నిండుతుంది, అంటే సుమారు 530 లీటర్లు. లీటరు గాలి బరువు మన ఎండల్లో 1.1 గ్రాముల దగ్గర ఉంటుంది. నష్టాలు తీసేస్తే సెకనుకి 8 నుంచి 9 గ్రాములు రావాలి. ఇది ఈజీఆర్ మూసి ఉన్నప్పటి లెక్క. తెరిచి ఉంటే బాగా పడిపోతుంది, సగం దాకా దిగినా ఆశ్చర్యం లేదు. ఇంజన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఒకసారి రేస్ చేసి వదిలి వెంటనే రీడింగ్ చూడండి. ఎక్కువసేపు స్లోలో ఉంచితే చాలా ఈసీయూలు వాల్వ్‌ని తామే మూసేస్తాయి, దాన్ని చూసి మోసపోవద్దు. ఆ తర్వాత కీ ఆపి, వాల్వ్ కప్లర్ (కరెంటు వైర్ల కనెక్టర్) పీకి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. ముందు 5 ఉన్నది 8కి ఎగబాకితే వాల్వ్ ఆడుతోంది, మీ సమస్య వేరే చోట ఉంది. పీకినా 5 దగ్గరే ఉంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంది. రెండుసార్లూ 8 దాటే ఉంటే వాల్వ్ తెరుచుకోవడం లేదు, లేదా మానిఫోల్డ్‌లోకి (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల్లోకి) పోయే దారి మసితో పూడుకుపోయింది. ఈ చివరిది మీ బండికి గట్టిగా అనుమానించాల్సిందే. ఎందుకంటే మానిఫోల్డ్ పూడితే గాలి దారి కూడా ఇరుకవుతుంది, అప్పుడూ పీ0401, నల్ల పొగ కలిసే వస్తాయి. కప్లర్ పీకినందుకు కొత్త కోడ్ పడుతుంది, తర్వాత చెరిపేయండి.

పీ0403, పీ0405, పీ0406 వచ్చినవాళ్లు మాత్రం వాల్వ్ విప్పి కడగడం దండగ. అవి కరెంటు కోడ్‌లు. అయిదు పిన్నుల కప్లర్ అయితే మామూలుగా రెండు మోటారువి, మూడు పొజిషన్ సెన్సర్‌వి. కీ ఆన్‌లో సెన్సర్ సప్లై పిన్నుకీ ఎర్త్‌కీ మధ్య 5 వోల్టులు రావాలి. రాకపోతే వైరింగ్. ఇంజన్ వణుకుడికి కప్లర్ దగ్గరే వైరు లోపల తెగి, పైన తొడుగు బాగానే కనిపించడం మామూలే.

కడగాల్సిందే అని తేలితే: బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఎగ్జాస్ట్ వైపు బోల్టులకి ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి, బలం పెడితే తల విరిగి మిగతా బోల్టు దిమ్మలో ఉండిపోతుంది. వాల్వ్ బయటికి వచ్చాక మోటారు భాగం పైకి, వాల్వ్ నోరు కిందికి ఉండేలా పట్టుకుని కార్బ్ క్లీనర్ కొట్టండి. అలా అయితే ద్రవం మోటారులోకి దిగదు. పావుగంట నాననిచ్చి నైలాన్ బ్రష్‌తోనో పుల్లతోనో గీకండి. స్క్రూడ్రైవర్ వాడొద్దు, సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు) మీద గీత పడితే ఆ వాల్వ్ ఇక ఎప్పటికీ కారుతుంది. బిగుసుకున్నదాన్ని కటింగ్ ప్లేయర్‌తో తిప్పితే లోపలి ప్లాస్టిక్ పళ్లు రాలతాయి. చాలా ‘కడిగినా బాగుపడని’ వాల్వ్‌లు అలా చచ్చినవే. శుభ్రం అయ్యాక సీటు మీద కొంచెం పెట్రోలు పోసి చూడండి, కింది నుంచి ధారగా కారితే అది మార్చాల్సిందే. మానిఫోల్డ్ నోట్లో అంగుళం మందాన మసి ఉంటే దాన్నీ విప్పి కడగాలి. విప్పకుండా నడుస్తున్న ఇంజన్‌లోకి క్లీనర్ కొట్టేవాళ్లున్నారు. డీజిల్ ఇంజన్‌లో అది చేయనే వద్దు, ఆ స్ప్రేనే ఇంధనంగా మండి ఇంజన్ అదుపు తప్పి రేస్ అవుతుంది. బిగించేటప్పుడు ప్యాకింగ్ కొత్తది వేయండి, పాతదాని అంచునుంచి పొగ కారితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక రేకు సంగతి. పరీక్ష కోసం ఒక రోజు పెట్టి చూడటం వేరు, శాశ్వతంగా మూయడం వేరు. ఈజీఆర్ పని దహన వేడిని తగ్గించి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడం. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం డీజిల్ బండికి కొలిచేది పొగ నలుపు మాత్రమే, ఆ వాయువుల్ని కొలవరు. రేకు పెట్టిన బండి పరీక్షలో హాయిగా నెగ్గుతుంది కాబట్టి ‘ఏం కాదండీ’ అని ధైర్యంగా చెబుతారు. చట్టప్రకారం మాత్రం అది నేరమే: 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద తొలిసారికే పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా గాలి తగ్గకపోవడం చూసి ఈసీయూ అదే పీ0401 మళ్లీ వేస్తుంది, లైటు ఆరదు.

మసి మళ్లీ త్వరగా పేరుకుంటే కారణం నూనె. పొడి మసి అంతగా అంటుకోదు. బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని గాలి దారిలోకి పంపే గొట్టం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిస్తేనే తారులా గట్టిపడుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మ్యాక్స్ గీత దాటకుండా చూసుకోండి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజంతా రెండో గేరులో నడిచే బండికి ఇది ఇంకా తొందరగా వస్తుంది, ఈజీఆర్ ఎక్కువగా తెరిచి ఉండేది తక్కువ లోడులోనే. అప్పుడప్పుడు హైవే మీద అరగంట 2500 పైన నడిపితే కొంత మేలు, కానీ పేరుకున్న గడ్డ దాంతో పోదు. కూలెంట్ బయట ఎక్కడా కారకుండా తగ్గుతూ, పొద్దున స్టార్టింగ్‌లో తెల్ల పొగ వస్తుంటే వాల్వ్ కాదు, ఈజీఆర్ కూలర్ (ఆ పొగని కూలెంట్‌తో చల్లబరిచే భాగం) చూపించండి. అది వాయిదా వేయకండి, నీళ్లు సిలిండర్‌లో నిలిస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

అన్నీ బిగించాక కోడ్ చెరిపి, కీ ఆన్ చేసి ఆఫ్ చేసి ఒక నిమిషం వదిలేయండి. చాలా వాల్వ్‌లు మూసుకునే స్థానాన్ని అప్పుడే నేర్చుకుంటాయి. వంద కిలోమీటర్లు నడిపి అదే స్లో పరీక్ష మళ్లీ చేయండి. గొట్టాలు, సెన్సర్, మానిఫోల్డ్ అన్నీ సరిగ్గా ఉండి, కప్లర్ పీకినా పెట్టినా రీడింగ్ కదలకపోతే అప్పుడు కొత్త వాల్వ్ కొనండి.