గేమ్స్ ఆడితే ఇంగ్లీష్ వస్తుందా?

వస్తుందండీ, కానీ ఏ గేమ్ అన్నదాన్ని బట్టి. ఫ్రీ ఫైర్‌లో మనోళ్లు మైక్‌లో తెలుగులోనే అరుచుకుంటారు కాబట్టి పెద్దగా ఏం రాదు (రెండు మూడు తిట్లు తప్ప). అదే 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీ చూడండి, వ్యవసాయం గేమ్, ఊళ్లో వాళ్ల మాటలన్నీ స్క్రీన్ మీద రాతలోనే వస్తాయి, వాయిస్ ఉండదు, మనం బటన్ నొక్కేదాకా ఆ మాట అక్కడే ఆగుతుంది కాబట్టి మెల్లగా చదువుకోవచ్చు, సీడ్స్, హార్వెస్ట్ లాంటి పదాలు రోజూ కనిపించి వాటంతటవే గుర్తుండిపోతాయి. తెలీని పదానికి ఫోన్‌లో గూగుల్ లెన్స్ పెడితే తెలుగులో చూపిస్తుంది, కాకపోతే ప్రతి పదానికీ పెట్టకండి, ముందు ఊహించండి. మాట్లాడ్డం మాత్రం దీంతో రాదు, దానికి మనలో దాక్కున్న దొంగ ఎవరో వాదించుకుని పట్టుకునే అమాంగ్ అస్ గేమ్‌ని ఇంగ్లీష్ మాట్లాడే ఫ్రెండ్స్‌తో డిస్కార్డ్ (గేమర్లు మాట్లాడుకునే యాప్) కాల్ పెట్టుకుని ఆడితే నేను దొంగని కాదని వాదించడానికైనా నోరు తెరవాల్సిందే.