ఎలుగు వేటకు ఏ బ్రాడ్‌హెడ్? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నగారూ, ఈ ఏడాది మిన్నెసోటాలో బ్లాక్ బేర్ లైసెన్సు లాటరీలో నాకు తగిలింది. నా దగ్గర 50 పౌండ్ల బలంతో లాగాల్సిన రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) ఉంది, జింకల సీజన్‌లో దానితోనే తిరుగుతుంటాను. షాపులో అడిగితే ఎలుగుకి పెద్ద గాయం కావాలంటూ విచ్చుకునే మెకానికల్ బ్రాడ్‌హెడ్‌లు (బాణం ముందు బిగించే పదునైన బ్లేడ్‌ల ములుకులు) చేతిలో పెట్టారు, కోత రెండంగుళాలట. ఒక మిత్రుడు మూడు బ్లేడ్‌లది కొనమంటాడు. ఇంకొకాయన పాతకాలపు రెండు బ్లేడ్‌లదే మేలంటాడు. బుర్ర వేడెక్కిపోయింది. మీరు ఏది వాడతారు?
— పేరు వద్దన్న పాఠకుడు, రోచెస్టర్, మిన్నెసోటా

జవాబు: ముందు ఆ మెకానికల్స్‌ని షాపులో తిరిగి ఇచ్చేయండి. అవి మీ విల్లుకి పనికిరావు. ఆ బ్లేడ్‌లు విచ్చుకోవడానికే కొంత శక్తి పోతుంది, రెండంగుళాల కోత కొయ్యడానికి ఇంకా ఎక్కువ పోతుంది. 70 పౌండ్ల కాంపౌండ్ విల్లు, అంటే కప్పీలున్నది, ఆ ఖర్చు భరించగలదు. రికర్వ్ భరించలేదు, బాణం సగం దూరి ఆగిపోతుంది. ఎలుగు విషయంలో బాణం సగంలో ఆగిందంటే జంతువు చేతికి దొరక్కుండా పోయే ప్రమాదం చాలా ఎక్కువ.

ఎందుకో చెబుతాను. సెప్టెంబరు నాటికి ఎలుగు చలికాలపు నిద్ర కోసం దొరికిందల్లా తిని ఒళ్లంతా కొవ్వు పట్టి ఉంటుంది. బాణం దూరిన రంధ్రాన్ని ఆ మెత్తటి కొవ్వు వెంటనే కమ్మేస్తుంది. దాని పైన పొడవాటి వెంట్రుకలు, వాటి కింద ఉన్నిలాంటి నూగు. ఏ కాస్త రక్తం కారినా వాటిలోనే ఇంకిపోతుంది. తోలు ఒలిచేటప్పుడు దగ్గరుండి చూస్తే తెలుస్తుంది, లోపల ఛాతీ గూడు నిండా రక్తం ఉంటుంది, బయట బొచ్చు మీద మాత్రం బొట్టుబిళ్లంత మరక. మనం చెట్టు మీది స్టాండ్ నుంచి కిందికి కొడతాం కాబట్టి దూరిన రంధ్రం పైకి ఉంటుంది. నేల మీద రక్తపు జాడ పడాలంటే బాణం అవతలి పక్క నుంచి, కింది భాగంలో బయటికి రావాలి. అందుకే ఏ బ్రాడ్‌హెడ్‌ని చూసినా నేను అడిగేది ఒక్కటే: ఈ విల్లు బలంతో ఇది అవతలి పక్క దాకా పోతుందా?

ఇక మీ విల్లు బలం సంగతి. దాని మీద రాసిన 50 పౌండ్లు 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. మనవాళ్లలో చాలామంది 26, మహా అయితే 27 అంగుళాలు లాగుతారు. ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది. అంటే బహుశా మీరు కొడుతున్నది 45 పౌండ్ల విల్లుతో. ఊహించుకోకండి, తూచి చూసుకోండి. ఇండియా ప్రయాణాలకు సూట్‌కేసులు తూచే హుక్కు త్రాసు ఇంట్లో ఉంటుంది కదా, దాని హుక్కుని నారికి తగిలించి, మీరు మామూలుగా లాగేంత దూరం మెల్లగా లాగండి. ఆ కనిపించే అంకెను బట్టే మిగతాదంతా నిర్ణయించుకోవాలి.

50 లోపు వచ్చిందా, కళ్లు మూసుకుని రెండు బ్లేడ్‌లది తీసుకోండి. మొన తగిలిన క్షణం నుంచే కోసుకుంటూ పోయేది కావాలి. ముందు సూదిలాంటి మొన ఉండి వెనక బ్లేడ్‌లు మొదలయ్యే రకం వద్దు. వెడల్పు అంగుళం నుంచి అంగుళంపావు లోపు చాలు. హోవర్డ్ హిల్ అనే పాతతరం విలుకాడు బ్రాడ్‌హెడ్ పొడవు వెడల్పుకి మూడింతలు ఉండాలని చెప్పేవారు. సన్నగా పొడుగ్గా ఉన్నది తక్కువ బలంతో లోతుకి పోతుంది, ఆ సూత్రం ఇప్పటికీ మారలేదు. త్రాసు 55 దాటితే మీ మిత్రుడు చెప్పిన మూడు బ్లేడ్‌లది నిశ్చింతగా వాడుకోవచ్చు. దాని రంధ్రం మూతపడడం కష్టం, ఎలుగుకి అది నిజంగా మంచి గుణం. మధ్యలో, అంటే 50 నుంచి 55 ఉన్నవాళ్లకి కూడా నేనైతే రెండు బ్లేడ్‌లదే చెబుతాను.

నేను వాడేది మన మిన్నెసోటాలోనే పుట్టిన జ్విక్కీ కంపెనీ ఎస్కిమో. రెండు బ్లేడ్‌లు, ఒకటీ ఎనిమిదో వంతు అంగుళం వెడల్పు. సీడార్ కర్ర షాఫ్ట్‌కి వేడి జిగురుతో అతికించుకుంటాను. దీని మొన దగ్గర లోహం మందంగా ఉంటుంది, నాకు అదే నచ్చింది. పల్చటి మొన పక్కటెముకకి తగిలి వంకర తిరిగితే బాణం అక్కడే ఆగిపోతుంది. మీరు ఏ కంపెనీది కొన్నా మొన చివర ఎంత గట్టిగా ఉందో చూసి తీసుకోండి. ఇంకొక మాట. మిన్నెసోటా నిబంధన ప్రకారం పెద్ద జంతువుల వేటకు బ్రాడ్‌హెడ్ కనీసం 7/8 అంగుళం వెడల్పు ఉండాలి, కనీసం రెండు లోహపు అంచులుండాలి, వెనక్కి ముల్లు తిరిగి ఉండకూడదు. విల్లుకి 30 పౌండ్లు ఉంటే చాలని చట్టం అంటుంది. ఎలుగుకి 30తో వెళ్లొద్దని నేనంటాను.

బాణం బరువు మర్చిపోవద్దు. విల్లు ఒక్కో పౌండుకి 10 గ్రెయిన్లు అని పాత లెక్క ఉంది. ఎలుగుకి ఇంకాస్త ఎక్కువ పెట్టుకోండి, మీ విల్లుకి 500 నుంచి 550 గ్రెయిన్లు, అంటే 32 నుంచి 36 గ్రాములు. ఆ పెంచేదేదో ముందువైపు పెంచండి, 100 గ్రెయిన్ల మొన తీసేసి 150 నుంచి 200 మధ్య పెట్టండి. అయితే ముందు బరువు పెరిగితే షాఫ్ట్ మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది, బాణం తోక ఊపుకుంటూ పోతుంది. తోక ఊపే బాణం ఎంత పదునున్నా లోతుకి పోదు. అందుకని అదే బరువున్న ఫీల్డ్ పాయింట్లతో (బ్లేడ్‌లు లేని సాధన మొనలతో), ఈకల్లేని షాఫ్ట్‌తో ముందే కొట్టి చూసుకుని, అవసరమైతే ఒక మెట్టు గట్టి షాఫ్ట్‌కి మారండి. ఆ తర్వాత బ్రాడ్‌హెడ్ బిగించి బాణాన్ని గోటి మీద నిలబెట్టి తిప్పండి. మొన వణికితే వేడి చేసి మళ్లీ అతికించండి.

ఇప్పుడు పదును. ఇంతదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. అతికించే రకం బ్రాడ్‌హెడ్‌లు చాలావరకు ప్యాకెట్లో నుంచి తీసిన రూపంలో వేటకు పనికిరావు. అంచంతా నల్ల మార్కర్ పూయండి. ఫైల్‌ని, అంటే ఆకురాయిని, ఒకే కోణంలో, ఒకే దిక్కుగా తోయండి. మార్కర్ నలుపు ఎక్కడ మిగిలిందో అక్కడ ఫైల్ తగల్లేదని అర్థం. నలుపు పూర్తిగా పోయాక అవతలి పక్క నుంచి బొటనవేలు అడ్డంగా, చాలా మెల్లగా ఆనిస్తే సన్నటి గరుకు తగులుతుంది. మొన నుంచి చివరిదాకా ఆ గరుకు ఉంటేనే రెండో వైపు మొదలుపెట్టాలి. తర్వాత సన్న రాయి, చివరికి తోలు పట్టీ. పరీక్ష ఇంట్లోనే ఉంది. ఒక రబ్బర్‌బ్యాండ్‌ని కొద్దిగా సాగదీసి పట్టుకుని అంచుని దాని మీద ఆనించి కదపండి. నొక్కకుండానే తెగిపోవాలి. నొక్కాల్సి వచ్చిందంటే మళ్లీ రాయి దగ్గరికే. మొద్దు అంచు రక్తనాళాన్ని పక్కకి నెడుతుంది, పదునైన అంచు కోస్తుంది. జంతువు త్వరగా, తక్కువ బాధతో పోవాలనుకునేవాడు ఈ పనికి ఒక సాయంత్రం కేటాయించాలి. అదయ్యాక అంచుకి వాజిలైన్ పల్చగా పూయండి, కార్బన్ స్టీల్ ఒక్క వానకే తుప్పు పడుతుంది. అంబులపొదిలోని ఫోమ్‌లోకి మాటిమాటికీ గుచ్చి తీస్తే ఆ పదునంతా పోతుంది, అదీ గుర్తుంచుకోండి.

ఎర దగ్గర దూరం పదిహేను గజాలు మించకుండా చూసుకోండి. స్టాండ్ మరీ ఎత్తులో వద్దు. పది పన్నెండు అడుగులు చాలు. ఇరవై అడుగుల మీద నుంచి కొడితే బాణం ఒక్క ఊపిరితిత్తితోనే సరిపెట్టుకుంటుంది. జింకకి అలవాటైన కన్ను ముందుకాలి భుజం వెనకే అంటుకుని చూస్తుంది. ఎలుగు భుజం ఎముకలు బరువైనవి, అక్కడికి గురిపెట్టకండి. జంతువు పక్కకి తిరిగి, ముందుకాలు ముందుకి వేసినప్పుడు, భుజానికి కాస్త వెనగ్గా, ఒంటి ఎత్తుకి సరిగ్గా సగంలో కొట్టండి. ఎదురుగా కూర్చున్న ఎలుగుని కొట్టవద్దు. పిల్లలున్న తల్లి కనిపిస్తే విల్లు కింద పెట్టేయండి.

ప్రశ్న: సింగిల్ బెవెల్ బ్రాడ్‌హెడ్‌లు ఎముకని చీలుస్తాయని, బాణం 650 గ్రెయిన్లకి తగ్గకూడదని అంటున్నారు. నిజమేనా?
— థండర్ బే, కెనడా నుంచి

జవాబు: ఆ 650 అంకె డాక్టర్ ఎడ్ ఆష్బీ చేసిన పరీక్షల నుంచి వచ్చింది. ఆయన ఆఫ్రికాలో పెద్ద జంతువుల మీద బాణాలు ఎంత లోతుకి పోతున్నాయో ఓపికగా చూసి రాసిపెట్టారు. బరువైన ఎముకని దాటాలంటే ఆ బరువు కావాలన్నది ఆయన మాట, ఆ పని మీద నాకు చాలా గౌరవం. సింగిల్ బెవెల్ అంచు ఒకే పక్క వాలు ఉండడం వల్ల లోపలికి పోతూ మెలి తిరుగుతుంది, ఆ మెలికే ఎముకని చీలుస్తుంది. కానీ బ్లాక్ బేర్ పక్కటెముకలు అంత దళసరివి కావు. చోటు చూసి కొట్టేవాడికి రెండు పక్కలా వాలున్న మామూలు డబుల్ బెవెల్, 550 గ్రెయిన్లు సరిపోతాయి. కొనాలనే ఉంటే ఒకటి చూసుకోండి. ఈకలు కుడి రెక్కవైతే బెవెల్ కూడా కుడిదే కావాలి. రెండూ చెరో దిక్కుకి తిప్పితే బాణం తగిలాక ఆ తిప్పుడంతా వృథా.

ప్రశ్న: నేను ఇక్కడ స్థిరపడ్డాను. మీరు బ్లాక్ బేర్‌కి చెప్పే సరంజామాతోనే బ్రౌన్ బేర్‌కి వెళ్లవచ్చా?
— యాంకరేజ్, అలాస్కా నుంచి

జవాబు: వద్దు. అలాస్కా నిబంధనలు బ్లాక్ బేర్‌కి 40 పౌండ్ల విల్లు చాలంటాయి, బ్రౌన్ బేర్‌కి 50 అడుగుతాయి. బాణం 300 గ్రెయిన్లకి తగ్గకూడదంటాయి. అవి చట్టం ఒప్పుకునే కనీసం. 1920లో శాక్స్‌టన్ పోప్, ఆర్ట్ యంగ్ కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రదర్శన కోసం ఎల్లోస్టోన్‌లో గ్రిజ్లీలను (బ్రౌన్ బేర్‌లోనే ఒక రకం) బాణాలతో కొట్టారు. పోప్ ఈ విద్య నేర్చుకున్నది యాహీ తెగలో చివరివాడిగా మిగిలిన ఇషి దగ్గర. వాళ్లు తీసుకెళ్లినవి జింకల విల్లులు కావు, చాలా బలమైనవి. 1962లో ఫ్రెడ్ బేర్ అనే విల్లుల తయారీదారు అలాస్కాలో పెద్ద బ్రౌన్ బేర్‌ని కొట్టినప్పుడు వాడింది సొంత కంపెనీ బ్రాడ్‌హెడ్ రేజర్‌హెడ్, విల్లు 65 పౌండ్లది. మీరు తేలిగ్గా, వణుకు లేకుండా 60 పౌండ్లు లాగగలిగి, 650 గ్రెయిన్ల బాణం కట్టుకుని, రైఫిల్ పట్టుకున్న అనుభవజ్ఞుడు వెనక ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. ఆ ఆష్బీ గారి లెక్క అవసరమయ్యేది ఇక్కడే.

ప్రశ్న: మా తాతగారు ఇచ్చిన ఇనప బాణపు ములికి ఒకటి ఇంట్లో ఉంది. మన నల్లమలలో కూడా ఎలుగులున్నాయి కదా. అలాంటి వేటకు ఇక్కడ అనుమతి దొరుకుతుందా?
— కర్నూలు నుంచి

జవాబు: దొరకదు, ఆ ఆలోచనే వద్దు. మన ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని వేటాడితే జైలే. మిన్నెసోటాలో బ్లాక్ బేర్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి, దాన్ని బట్టి లైసెన్సులిస్తారు. మన ఎలుగు అసలే తగ్గిపోతున్న జంతువు. ఆ ములికికి కొద్దిగా నూనె రాసి, ఎవరిదో ఏ ఊరిదో కాగితం మీద రాసి జాగ్రత్త పెట్టండి. విల్లు మీద ఇష్టం ఉంటే ఆర్చరీ నేర్చుకోండి. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. అంతకంటే మంచి దారి ఏముంటుంది?

ప్రశ్న: మావారికి పోయిన సీజన్‌లో ఎలుగు దొరికింది. ఫ్రీజర్ నిండా మాంసం ఉంది. మటన్‌లాగే వండేయవచ్చా? ఫ్రీజర్‌లో నెలలు ఉంచాం కాబట్టి పురుగులుంటే చచ్చిపోయి ఉంటాయి కదా?
— డులూత్ నుంచి ఒక సోదరి

జవాబు: చావవమ్మా. ఎలుగు మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండవచ్చు. చలి ప్రాంతాల ఎలుగుల్లో ఉండే రకం ఫ్రీజర్‌కి లొంగదు. మాంసం లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. మాంసం థర్మామీటర్ కొనండి, చవకే. రంగు చూసి ఉడికిందనుకోవద్దు, ఎలుగు మాంసం ముందే ముదురు రంగు. మన పద్ధతిలో అల్లంవెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తే ఏ భయమూ లేదు, రుచి కూడా బాగుంటుంది. పైన కొవ్వు మాత్రం ముందే తీసేయండి, కూరకి నీచు వాసన పట్టిస్తుంది. కబాబ్‌లు, గ్రిల్ మీద సగం కాల్చినవి వద్దు. 2022లో సౌత్ డకోటాలో ఒక కుటుంబం కలుసుకున్నప్పుడు ఇదే జరిగింది. కెనడా నుంచి తెచ్చి, 45 రోజులు ఫ్రీజర్‌లో ఉంచిన ఎలుగు మాంసాన్ని కబాబ్‌లు చేసుకుని, సరిగా ఉడక్కుండానే తిన్నారు. ఆరుగురికి జబ్బు చేసింది. వాళ్లలో ఇద్దరు మాంసం ముట్టనే లేదు, దానితో కలిపి కాల్చిన కూరగాయలు తిన్నారంతే. కాబట్టి పచ్చి మాంసం కోసిన కత్తి, పలక వేరే పెట్టుకోండి. ఇంట్లో శాకాహారులుంటే వాళ్ల గిన్నెలు ఆ పొయ్యి దరిదాపుల్లో కూడా ఉంచకండి.