పాట ఆపినా ఆగని మోత

తిరుపతి,
ఆదివారం.

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ తాతయ్య వీణ క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించావని చదివి కళ్లు చెమర్చాయి. ఆయన మీటిన స్వరం వేలు లేచాక కూడా కాసేపు గాలిలో నిలబడేది. ఇప్పుడు మోతలో కలిసిపోతోందని నువ్వు బాధపడుతున్నది ఆ చివరి తునకే. పాట అంకెలను ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే శబ్ద సంకేతంగా మార్చే డ్యాక్ పెట్టె కొత్తది కొని యూఎస్‌బీతో తగిలించినా వెనకాల గుర్రుమంటూనే ఉందని, ఎనిమిది వేలు పెట్టి వెండిపూత కేబుల్ తెప్పిస్తానని రాశావు. ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టకు నాయనా.

ముందు పాట ఆపెయ్యి. ఆంప్లిఫయర్‌ను రోజూ వినే స్థాయిలోనే ఉంచి స్పీకరు దగ్గర చెవి పెట్టు. టేపుకు సహజంగా ఉండే సన్నని సుయ్‌మనే చప్పుడు పాటతోపాటే ఆగిపోతుంది. పాట ఆపినా ఆగని మోత ఇప్పటి నీ తీగల్లోది. తరువాత ల్యాప్‌టాప్ చార్జరును పీకి బ్యాటరీ మీద నడిపి చూడు. మోత పోయిందంటే దొంగ దొరికినట్టే. అది వస్తున్నది కరెంటు దారిలో.

ఎందుకో చెబుతాను. సీడీ నాణ్యత గల పాట అంటే సెకనుకు 44,100 సార్లు కొలిచిన 16 బిట్ల అంకెలు, ఎడమకూ కుడికీ వేరువేరుగా. మొత్తం సెకనుకు 14,11,200 బిట్లు. యూఎస్‌బీ 2.0 దారి సెకనుకు 48 కోట్ల బిట్లు మోయగలదు. ఆ బరువుకు మామూలు కేబుల్ అలసిపోదు. నిజంగానే అంకెలు పోతే టప్ టప్‌మని పగిలినట్టు వినిపిస్తుంది. పాటకు మళ్లీ పంపే ఏర్పాటు లేదు కనుక పోయింది పోయినట్టే. అంతేగాని వీణ నాదం మసకబారదు, గుర్రుమనదు. అయితే ఆ కేబుల్‌లో అంకెల తీగలతోపాటు 5 వోల్టుల తీగ, గ్రౌండు తీగ కూడా ఉన్నాయి. కంప్యూటరు లోపలి రొద డ్యాక్‌లోకి, అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌లోకి నడిచి వెళ్లేది ఆ గ్రౌండు మీదుగానే.

ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద వేళ్లు రాస్తే జివ్వుమంటోందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అది విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. రెండు పిన్నుల చార్జర్లలో కొద్దిపాటి కరెంటు లోపలి నుంచి లీకవుతూ ఉంటుంది. భూమిలోకి దారి లేక అది నీ వేలి గుండానో, యూఎస్‌బీ తీగ గుండానో పోతుంది. కంపెనీ ఇచ్చే మూడు పిన్నుల తీగ దొరికితే అది వాడు. చిత్తూరులో మీది పాత ఇల్లు. ముందు గదిలోని ప్లగ్గుకు మూడో రంధ్రం ఉన్నా దాని వెనక భూమిలోకి వెళ్లే ఎర్తు తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూడాలి. ఎర్తు గుంతను కూడా మరవకు. మన వైపు ఎండలకు మట్టి బిగుసుకుపోతుంది. బొగ్గూ ఉప్పూ వేసిన గుంత ఎండితే పేరుకే ఎర్తు. మా ఇంట్లో వేసవి మొదలవగానే గుంతలో నీళ్లు పోయడం నా పని.

ఎర్తు బాగున్నా, రెండు వస్తువులు రెండు వేరు బోర్డుల నుంచి కరెంటు తీసుకుంటే మళ్లీ మోత రావచ్చు. ఒక కల్యాణ మండపంలో నాదస్వరం మొదలయ్యే ముందు మైకులన్నీ 50 హెర్ట్జ్ మోత మోగాయి. ఆంప్లిఫయర్ చెడిందన్నారు. మూడు కేబుళ్లు మార్చాను, ఫలితం లేదు. చివరికి వేదిక మీది మిక్సరును, వెనక గదిలోని ఆంప్లిఫయర్‌ను ఒకే బోర్డులోకి తెచ్చి పెట్టగానే మోత ఆగిపోయింది. నువ్వూ ల్యాప్‌టాప్, డ్యాక్, ఆంప్లిఫయర్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టు. మోత పోవాలని ఎర్తు పిన్ను విరిచే వాళ్లున్నారు. నువ్వు ఆ పని కలలో కూడా చెయ్యకు. అది ప్రాణం కాపాడే తీగ.

ఇవన్నీ చేశాక కూడా కాస్త మోత మిగిలితే, అంకెలను పోనిచ్చి గ్రౌండు తీగను విడదీసే యూఎస్‌బీ ఐసొలేటర్ కొనవచ్చు. చవకరకాలు చాలావరకు సెకనుకు 1.2 కోట్ల బిట్ల పాత వేగానికే పనిచేస్తాయి. తాతయ్య పాటలకు అది చాలు. కానీ ఆ వేగంలో నీ డ్యాక్ నడుస్తుందో లేదో కొట్టులోనే తగిలించి చూసుకున్నాక డబ్బివ్వు. కేబుల్ మాత్రం మీటరు, మీటరున్నర పొడవుది, గట్టిగా కూర్చునేది చాలు.

కంప్యూటరులో చేయవలసినవి తక్కువే. పాట 44,100లో ఉంటే విండోస్ సౌండు సెట్టింగుల్లో కూడా అదే పెట్టు, లేకపోతే దారిలో అంకెలు మళ్లీ లెక్కకడుతుంది. శబ్దానికి మెరుగులు దిద్దే ఎన్‌హాన్స్‌మెంట్లు తీసెయ్యి. ప్లేయరులో ఇతర చప్పుళ్లు కలవకుండా పాటను నేరుగా డ్యాక్‌కు పంపే ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఉంటే ఎంచుకో. శబ్దం స్థాయి కంప్యూటరులో నిండుగా ఉంచి ఆంప్లిఫయర్ దగ్గర తగ్గించుకో. తాతయ్య క్యాసెట్లు ఎంపీ3లో దాచి ఉంటే మళ్లీ ఎక్కించి, శబ్దంలో ఏదీ పోకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లుగా దాచు. టేపు ఇంకెన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం, దీనికి మాత్రం ఆలస్యం చెయ్యకు.

డ్యాక్ ‘అసింక్రనస్’ రకమా అని అడిగావు. అట్ట పెట్టె మీద చూడు. పాత పద్ధతిలో కంప్యూటరు మిల్లీసెకనుకు ఒక పొట్లం పంపుతుంది. 44,100ను వెయ్యితో భాగిస్తే 44.1 కదా, అందుకని తొమ్మిది పొట్లాల్లో 44 చొప్పున, పదోదానిలో 45. ఆ నడకను చూసి డ్యాక్ తన తాళాన్ని సరిచేసుకుంటూ ఉండాలి. అసింక్రనస్‌లో తాళం వేసేది డ్యాక్‌లోని గడియారమే, కంప్యూటరు దాని వెంట నడుస్తుంది. కచేరీలో లయ ఎవరి చేతిలో ఉండాలో నీకు తెలుసు.

ఈ రాత్రి వీధి సద్దుమణిగాక చార్జరు పీకి ఒకసారి, పెట్టి ఒకసారి, తాతయ్య కల్యాణి ఆలాపన చివరి నిమిషం విను. తీగ నాదం ఎంతసేపు వినిపించిందో రెండుసార్లూ లెక్కపెట్టి నాకు రాయి. తేడా ఏమీ లేకపోతే డ్యాక్‌నూ ల్యాప్‌టాప్‌నూ సంచిలో పెట్టుకుని వచ్చే ఆదివారం బస్సెక్కు. మా ఇంట్లో తగిలించి చూద్దాం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

నీ మామయ్య