అనంతపురంలో స్ప్రింగర్ స్పానియల్‌ జాతి కుక్కను పెంచవచ్చా, వేటకు తీసుకెళ్లవచ్చా?

పెంచొచ్చు. వేట మాత్రం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేళ్లను, కౌజుపిట్టలను వేటాడటం నేరం. కుక్కను ఉసిగొల్పి తరిమించినా అంతే.

దాదాపు 20 కిలోలు తూగే ఈ జాతిని పొదల్లో నక్కిన పిట్టల్ని లేపడానికి, తుపాకీ దెబ్బకు పడినవాటిని నోట కరిచి తేవడానికే తయారు చేశారు. ఆ పని లేకపోతే ఇంట్లో చెప్పులు మిగలవు! బంతినో పాత గుడ్డనో చెట్ల చాటున దాచి, వాసన పట్టి వెతికించండి. దానికి అదే వేట.

ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి తెల్లవారుజామునే తిప్పాలి. చేలల్లో తిరిగొచ్చాక చెవులు, కాలివేళ్ల సందులు తప్పకుండా చూడండి. పల్లేరుకాయలు, పిడుదులు ఉండేది అక్కడే. స్నానం చేయించాక వేలాడే చెవుల్లో తడి ఉండిపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది, పొడిగుడ్డతో తుడవండి.