ఉప్పు కన్నీటిని మించకూడదు

మచిలీపట్నం,
ఆదివారం

చిరంజీవి బంగారు తల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల పదకొండు ప్రకరణాలూ చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి కూడా చదివాను. మీ అమ్మకు చూపించకుండా ముందు నాకు ఎందుకు పంపావో నాలుగో ప్రకరణానికి వచ్చేసరికి అర్థమైంది. నలభై ఏళ్లు ప్రసవాలు చేయించిన నర్సుని నేను. ముద్దుల దగ్గర పేజీలు గబగబా తిప్పేస్తాననుకున్నావేమో, నిదానంగానే చదివాను. నా అభ్యంతరం ముద్దుల మీద కాదు, ఆ ఇద్దరికీ దాహం వేయకపోవడం మీద.

నీ కథలో లోకం అంతమై ముప్పై ఏళ్లయింది. ఊళ్లు పాడుబడ్డాయి. మడ అడవుల్లోంచి రాకాసి మృగాలు వస్తున్నాయి. నీ పిల్లా, ఆ కుర్రవాడూ దివిసీమలో పదకొండు ప్రకరణాల పాటు పరుగెత్తారు. ఒక్కసారైనా మంచినీళ్లు ఎక్కడివో చెప్పలేదు. సముద్రం పక్కన బతికేవాళ్లకు మొదటి రాకాసి నీళ్లే తల్లీ. నేను కళ్లారా చూశాను.

1977 నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన గురించి నీకు చిన్నప్పుడు కొంచెం చెప్పాను, పిల్లవని మిగతాది దాచాను. అప్పుడు నేను నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నాను. వారం తర్వాత మమ్మల్ని లారీలో అవనిగడ్డ వైపు తీసుకెళ్లారు. తాటిచెట్టంత అల వచ్చిందని చెప్పారు అక్కడివాళ్లు. తాటిచెట్ల మట్టల్లో చీరలు చిక్కుకుని ఉండటం చూశాక మారు అడగలేదు. చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. బతికినవాళ్లు మమ్మల్ని అన్నం అడగలేదు, నీళ్లు అడిగారు. బావులన్నీ ఉప్పుకషాయం. చెరువుల్లో పశువుల కళేబరాలు. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, నాలుక తడుపుకోవడానికి చుక్క లేదు. నీ నవల మొదటి పేజీలో మెరుపులు, ఉరుములు, ఎర్రటి ఆకాశం పెట్టావు. వాటి బదులు ఒక బావి పెట్టు. ఆ పిల్ల చేదతో తోడి, నోట్లో పోసుకుని, ఉమ్మేయాలి. లోకం అంతమైందని పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత వాళ్లకు నీళ్లు సంపాదించి పెట్టు. వాననీళ్లు పట్టుకోవచ్చు. ఇసుక దిబ్బల్లో చెలమ తవ్వుకోవచ్చు. బురదనీళ్లయితే కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీస్తే మట్టి అడుగుకు దిగుతుంది, మా అమ్మ అలాగే చేసేది. అయితే తేటగా కనిపించినంత మాత్రాన మంచినీళ్లు కావు. కళపెళ కాగాక కనీసం ఒక నిమిషం పొయ్యి మీదే ఉంచాలి. కాచడానికి కట్టెలు కావాలి. కట్టెలకు మడ అడవిలోకి వెళ్లాలి, నీ మృగాలు ఉండేదీ అక్కడే. చూశావా, కథ తనంతట తాను నడవడం మొదలుపెట్టింది.

మోటారు సైకిలు సంగతి. ముప్పై ఏళ్ల తర్వాత పెట్రోలు ఎక్కడిది? ఏడాది రెండేళ్లు నిలవుంటేనే అది జిగురు కట్టి ఇంజనుకు పనికిరాకుండా పోతుంది. టైర్లు ఎండకు బీటలు వారతాయి. ఆ కుర్రవాణ్ని బండి దింపి పడవ ఎక్కించు. గెడ వేసేవాడి భుజాలు నీకు వర్ణించడానికి ఇంకా బాగుంటాయి. పెదాలకు రంగు కూడా తీసేయి. ఆ పిల్లకు కళ్లద్దాలు పెట్టు, ఒక అద్దం పగిలి ఉండాలి. అలాంటి లోకంలో అవి పోతే మళ్లీ రావు. వాటిని ఆ కుర్రవాడు బురదలో గంటసేపు వెతికి తెచ్చి ఇస్తే, నువ్వు రాసిన ఆరు రక్షణలకన్నా ఎక్కువ.

నిజంగా ఆరుసార్లు రక్షించాడు, లెక్కపెట్టాను. ఆ పిల్ల అతన్ని ఒక్కసారీ రక్షించలేదు. నువ్వు పెరిగిన ఇంట్లో ఆడవాళ్లను చూసి కూడా ఇలా ఎలా రాశావు?

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది. 1971లో బంగ్లాదేశ్ నుంచి లక్షల మంది సరిహద్దు దాటి వచ్చినప్పుడు పశ్చిమ బెంగాల్లోని బనగావ్ దగ్గర కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ చాలలేదు, నర్సులు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు పీపాల్లో నింపి, రోగుల బంధువుల చేతికే గ్లాసులు ఇచ్చి తాగించమన్నాడు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. తల్లులు, మొగుళ్లు, పెళ్లాలు, తోబుట్టువులు పక్కన కూర్చుని తెల్లవార్లూ గుక్క గుక్కగా పట్టారు. బతికించింది ఆ నీళ్లే, కానీ ఆ గ్లాసు పట్టుకున్న చేయి నిద్రపోకుండా ఉండాలి కదా.

దివిసీమలో మేమూ అదే చేశాం. లీటరు కాచిన నీళ్లకు తలకొట్టిన టీ చెంచాలతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. రోగికి పట్టే ముందు రుచి చూడాలి. ఉప్పు కన్నీటిని మించకూడదు. ఇది నా కవిత్వం కాదు, ఊళ్లలో ఆడవాళ్లకు కొలత చెప్పడానికి మేము వాడిన మాట. కన్నీటి రుచి తెలియనివాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి చెంచా లేని ఇంట్లో కూడా పనికొస్తుంది. చక్కెర దొరకని నీ లోకంలో ఉప్పు వేసిన పలచటి గంజి పెట్టుకో.

ఇప్పుడు తొమ్మిదో ప్రకరణం తీయి. వెన్నెట్లో వంతెన మీద ఇద్దరూ రెండు పేజీల ప్రేమ మాటలు చెప్పుకున్నారే, అది మొత్తం కొట్టేయి. ఆ కుర్రవాడికి వాంతులు, విరేచనాలు పట్టించు. ముఖం చిట్లించకు, అలాంటి చోట మనుషుల్ని ఎక్కువగా తీసుకెళ్లేది కోరలు కాదు, ఇదే. కళ్లు గుంటలు పడి, చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచిపోయిన మనిషి ముందు ఆ పిల్ల గంజి చిప్పతో కూర్చోవాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. అతని బట్టలు తనే ఉతకాలి. బయట మృగం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నా దీపం ఆర్పలేదు, చెంచా కనిపించాలి కాబట్టి. తెల్లవారుజామున అతనికి మూత్రం వచ్చిందంటే గండం గడిచినట్టే. ఆ ఒక్క కబురుకు ఆ పిల్ల ఏడవాలి. నవలలో ఇంతకన్నా పెద్ద ప్రేమ సన్నివేశం ఉండదని నా పూచీ. ముద్దు కావాలంటే వారం తర్వాత పెట్టుకో, ఒళ్లు కడుక్కున్నాక.

మృగాల లెక్క కూడా సరిచూసుకో. ఊళ్లో వంద మంది అన్నావు, వారానికి ముగ్గుర్ని ఎత్తుకుపోతున్నాయి అన్నావు. ఎనిమిది నెలల్లో ఊరు ఖాళీ, నీ కథ ఏమో మూడేళ్లు నడుస్తుంది. ఒక పెద్దపులికి ఏడాదికి లేడంత జంతువులు యాభై వరకు కావాలంటారు, అందుకే దానికి అంత అడవి కావాలి. నీ మృగం కూడా ఏదో తిని, ఎక్కడో పడుకుని, పిల్లల్ని కనాలి కదా. అణు కిరణాలు తగిలి రెండు తలలు మొలిచాయని రాశావు, అది మానేయి. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలాక ముప్పై కిలోమీటర్ల మేర జనాన్ని ఖాళీ చేయించారు. అక్కడ రెండు తలల మొసళ్లు పుట్టలేదు. మనుషులు లేరు కాబట్టి తోడేళ్లు పెరిగాయి, అడవి ఇళ్లలోకి వచ్చింది. వద్దన్నా వినకుండా సొంత గుడిసెలకు తిరిగి వచ్చి బతికినవాళ్లలో ఎక్కువ మంది ముసలమ్మలు. నాకైతే మృగాలకన్నా వాళ్ల మీదే ఆసక్తి. నీ నవలలో ఒక్క ముసలమ్మా లేదు.

మడ అడవిలో నీటిపిల్లి ఉంటుంది, మనవాళ్లు బావురుపిల్లి అని కూడా అంటారు. నీళ్లలో మునిగి చేపను పడుతుంది. ఏడో ప్రకరణంలో నువ్వు రాసిన మృగం దాని జాతే అనిపించింది నాకు. అదొక్కటే బతికి ఉంది, మిగతావన్నీ సినిమా పోస్టర్లు.

ఆ జాతి మృగాన్ని సముద్రపు పోటుకు కట్టేయి. మన తీరాన రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. రోజు రోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి ప్రాంతాల్లో చిన్నది. మృగాలు పోటుతో పాయల్లోకి వచ్చి ఆటుతో వెళ్లిపోతాయి అనుకో. వాళ్లిద్దరూ చెరో లంకలో ఉంటే, కలుసుకునేది ఆ మధ్య కాసేపే. ఈరోజు సాయంత్రం నాలుగైతే రేపు దాదాపు ఐదు. కొన్ని రోజులకు ఆ వేళ అర్ధరాత్రిలో పడుతుంది. అప్పుడు ఏం చేస్తారు? పున్నమి వెన్నెల ప్రేమికులకు మంచిదని అందరూ రాస్తారు. నీ వాళ్లకు పున్నమి అంటే గుండె దడ.

ఇలాంటి కట్టుబాటు కొత్తదేమీ కాదు. లక్క ఇల్లు కాలిపోయి, ఉన్నదంతా పోయి, ఆ కుటుంబం అడవిలో పడ్డప్పుడు హిడింబి కథ గుర్తు తెచ్చుకో. తినడానికి పట్టి తెమ్మని అన్న పంపితే వచ్చి మనసు పారేసుకుంది. ధర్మరాజు ఒప్పుకుంటూ ఏమన్నాడు? పగలంతా ఎక్కడికైనా తీసుకెళ్లు, పొద్దుగుంకేసరికి మా తమ్ముణ్ని తెచ్చి అప్పజెప్పు అన్నాడు. రాకాసులూ, పాడుబడ్డ లోకమూ, ప్రేమా ఎప్పటినుంచో మన దగ్గర ఉన్నవే. ఆ పొద్దుగుంకే గడువు లేకపోతే ఆ కథలో పట్టు ఏముంది?

ఆ పిల్ల తమ్ముణ్ని మూడో ప్రకరణంలో ప్రవేశపెట్టి ఎక్కడ పోగొట్టావు? వాణ్ని వెతికి తీసుకురా. నల్లమలలో చెంచులు తేనె కోసం కొండచరియల మీద తాడుతో దిగుతారు. పైన ఆ తాడు బావమరిది చేతికే ఇస్తారని చెబుతారు. అక్క తాళి తన చేతిలో ఉందని వాడికి తెలుసు, వదలడు. ఆ కుర్రవాణ్ని ఏదైనా పాడుబడ్డ నీళ్ల ట్యాంకులోకి దించు, తాడు ఆ తమ్ముడికి ఇవ్వు. వాడికి ఈ ప్రేమ ఇష్టం లేదన్న సంగతి పాఠకుడికి అంతకుముందే తెలిసి ఉండాలి.

కడుపు గురించి ఒక్క మాట రాయకపోతే నేను నర్సునే కాదు. ఆసుపత్రి లేని చోట ప్రేమించడానికి ఆడపిల్లకు ధైర్యం కావాలి. అది ఆ పిల్ల తలపులో ఉండాలి, సంకోచంలో ఉండాలి. బిడ్డ పుట్టేటట్టయితే శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, శుభ్రమైన బొడ్డు: మంత్రసానులకు మేము నేర్పిన ఐదూ ఇవే. ఆ బ్లేడును ఎవరు, ఎన్నాళ్లుగా దాచి ఉంచారో రాయి. నువ్వు మర్చిపోయిన ముసలమ్మ అక్కడ వస్తుంది.

నువ్వు పెట్టిన 'మహా సూర్య ప్రళయం' అనే పేరు ఎవరి నోటా పలకదు. సూర్యుడి తుఫాను ఆలోచన మంచిదే. 1859లో అలాంటిది వచ్చి టెలిగ్రాఫు తీగలు నిప్పురవ్వలు రాల్చాయి. 1989లో కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమంతా గంటల తరబడి చీకటైంది. కానీ జనం పెట్టే పేర్లు వేరుగా ఉంటాయి. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును మనవాళ్లు డొక్కల కరువు అన్నారు. నీ వాళ్లు 'కరెంటు పోయిన ఏడు' అంటారు. మా పెద్దవాడు కరెంటు పోయిన ఏడు పుట్టాడు అంటారు, అంతే.

ఒకటి చెప్పి ముగిస్తాను. నాగాయలంక దగ్గర శిబిరంలో ఒకామె, ఒకాయన ఉండేవాళ్లు. ఆమె భర్తా పిల్లలూ పోయారు, ఆయన భార్య పోయింది. ఆయన దగ్గర గిన్నె మిగిలింది, ఆమెకు శిబిరంలో బియ్యం ఇచ్చారు. అలా ఒక పొయ్యి అయింది. ఏడాది తిరిగాక ఊరి పెద్దలే పెళ్లి చేశారు. చాలా ఏళ్ల తర్వాత టీకాల పని మీద వెళ్లినప్పుడు ఆమె మజ్జిగ ఇచ్చింది. చనువు కొద్దీ అడిగాను, ఆయనంటే ఎప్పుడు ఇష్టం కలిగిందని. ఆమె చాలాసేపు ఆలోచించింది. "రాత్రి గాలి లేస్తే ఇద్దరం ఒక్కసారే లేచి కూర్చునేవాళ్లమమ్మా. మా ఇంట్లో వాళ్లెవరికీ అది తెలిసేది కాదు. ఈయనకు చెప్పాల్సిన పని లేకపోయింది" అంది. ఇది నువ్వు వాడుకోవచ్చు, ఊరు మార్చి రాయి.

పన్నెండో ప్రకరణం పూర్తయ్యాక పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి చేసి అచ్చు తీయించు. ఏడో ప్రకరణంలో రేవుకు అవతలి గట్టున కూర్చుని ఆ పిల్ల నీళ్లు తోడుకునేదాకా చూసి వెళ్లిపోయిందే, ఆ నీటిపిల్లి, దాన్ని చివర్లో ఆ కుర్రవాడి చేత చంపిస్తావేమోనని నాకు రెండు రోజులుగా బెంగగా ఉంది. చంపకు.

మీ అమ్మమ్మ